ఒత్తిడి, నిబ్బరం, ఆరోగ్య విద్యపై థీసిస్: ప్రశ్న నుంచి ఫలితాల దాకా ఏది ముందు, ఏది తర్వాత

"టాపిక్ ఓకే అయింది, గూగుల్ ఫామ్ కూడా రెడీ. లింకు పంపేయొచ్చా?" పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇదే. దాదాపు ప్రతిసారీ నేను చెప్పే జవాబు: ఇంకా వద్దు.

ఈ రంగంలో దెబ్బతినే థీసిస్‌లు ఎక్కువగా లెక్కల దగ్గర దెబ్బతినవు. లింకు పంపక ముందు తేల్చుకోవాల్సినవి తేల్చుకోకపోవడం వల్లే దెబ్బతింటాయి. మూడు వందల మంది జవాబులిచ్చాక ప్రశ్న తప్పని తెలిస్తే చేసేదేమీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో ముందు పనులకే ఎక్కువ చోటిచ్చాను.

## 1. మూడు మాటలనూ ముందు విడదీయండి

టైటిల్‌లో ఆరోగ్య విద్య, రెజిలియెన్స్, ఒత్తిడి పక్కపక్కనే కూర్చుంటాయి కాబట్టి మూడూ ఒకే జాతివి అనిపిస్తాయి. కావు.

ఆరోగ్య విద్య అనేది మీరు చేసే పని. తరగతి, శిక్షణ, కరపత్రం, యాప్ ఏదైనా కావచ్చు. దానికి మోతాదు, వ్యవధి ఉంటాయి.

ఒత్తిడి అనేది మనిషిలో కలిగే స్థితి. లాజరస్, ఫోక్‌మన్ 1984లో వివరించిన నమూనా ప్రకారం మనిషి రెండు అంచనాలు వేసుకుంటాడు. "ఇది నాకు ముప్పా?" అన్నది మొదటిది. "దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది?" అన్నది రెండోది. ముప్పు పెద్దదిగా, తన దగ్గరున్నది చిన్నదిగా కనిపించినప్పుడు ఒత్తిడి పుడుతుంది. ఒకే పరీక్ష ఇద్దరికి రెండు రకాలుగా ఉండటానికి కారణం ఇదే.

అసలు చిక్కు రెజిలియెన్స్‌తోనే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్థితిస్థాపకత అంటారు. ఆ మాట వింటే చాలామందికి భౌతికశాస్త్రంలోని స్ప్రింగే గుర్తొస్తుంది. నేను నిబ్బరం అంటాను. మీరు ఏ మాటైనా వాడండి, కానీ థీసిస్ మొత్తం ఒక్కటే వాడండి. అంతకంటే ముఖ్యంగా, ఈ మూడు అర్థాల్లో మీది ఏదో తేల్చుకోండి:

- పుట్టుకతోనో పెంపకంతోనో వచ్చిన గుణం
- కష్టం వచ్చినప్పుడు సర్దుకుంటూ నిలబడే ప్రక్రియ
- కష్టం దాటాక కనిపించే ఫలితం, అంటే దెబ్బ తిన్నా మళ్ళీ మామూలుగా పనిచేయగలగడం

ఇది మాటల గారడీ కాదు. మొదటి అధ్యాయంలో "నిబ్బరం స్థిరమైన గుణం" అని రాసి, మూడో అధ్యాయంలో "ఆరు వారాల శిక్షణతో నిబ్బరం పెంచుతాం" అంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వైవాలో మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఇంకొక్క మాట. కష్టం లేకుండా నిబ్బరం గురించి మాట్లాడలేం. మీరు అధ్యయనం చేసేవాళ్ళు ఎదుర్కొంటున్న కష్టం ఏమిటి? పరీక్షలా, అప్పులా, జబ్బు మనిషికి సేవ చేయడమా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలా? ఆ కష్టం మీ ప్రశ్నావళిలో ఎక్కడా లేకపోతే, మీరు కొలుస్తున్నది జనం తమ గురించి తాము అనుకునే మాట మాత్రమే.

ముందుకు వెళ్ళే ముందు చూసుకోండి
- మూడు మాటలకూ నిర్వచనాలు ఒక్కో వాక్యంలో రాశానా?
- ఏది కారణం, ఏది ఫలితం, ఏది మధ్యలోది అని బాణాలతో బొమ్మ గీశానా?
- ఆ బొమ్మలో కష్టానికి ఒక గడి ఉందా?

## 2. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తెండి

"విద్యార్థుల్లో ఒత్తిడికీ నిబ్బరానికీ మధ్య సంబంధం." వందలమంది రాసే టైటిల్ ఇది. జవాబు ముందే తెలుసు: నిబ్బరం ఎక్కువ ఉన్నవాళ్ళు ఒత్తిడి తక్కువ ఉందంటారు. దాన్నే మరో కాలేజీలో మళ్ళీ చూపిస్తే కొత్తగా తెలిసేది చాలా తక్కువ.

అదే ఆసక్తిని ఇలా పదును పెట్టండి:

- తొలి ఏడాది నర్సింగ్ విద్యార్థుల్లో, మొదటి క్లినికల్ పోస్టింగ్ ముందున్న నిబ్బరం పోస్టింగ్ తర్వాతి ఒత్తిడిని ఎంతవరకు చెప్పగలదు?
- ఆరు వారాల ఒత్తిడి నిర్వహణ తరగతులు, మామూలు ఓరియంటేషన్‌తో పోలిస్తే, సెమిస్టర్ చివరి ఒత్తిడిని తగ్గిస్తాయా?
- ఉద్యోగం చేస్తూ పీజీ చదివేవాళ్ళు ఆరోగ్య తరగతిలో నేర్చుకున్నవాటిలో వేటిని రెండు నెలల తర్వాత కూడా కొనసాగిస్తున్నారు? మిగతావి ఎందుకు వదిలేశారు?

మొదటిదానికి ఒకే గ్రూపును రెండుసార్లు కొలవాలి. రెండోదానికి కంట్రోల్ గ్రూప్ (పోలిక కోసం, ఆ శిక్షణ ఇవ్వని గ్రూపు) ఉండాలి. మూడోది ఇంటర్వ్యూలతోనే తేలుతుంది. ప్రశ్న స్పష్టంగా ఉంటే ఏ పద్ధతి వాడాలో అదే చెబుతుంది. "క్వాంటిటేటివ్ చేయనా, క్వాలిటేటివ్ చేయనా" అని ముందే తల పట్టుకోనక్కర్లేదు.

## 3. చదవడానికి గడువు పెట్టుకోండి

ఇక్కడ ఎక్కువ చెప్పను. పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల డేటాబేస్‌లో వెతికేటప్పుడు మామూలు మాటలతో పాటు మెష్ పదాలు (వ్యాసాలకు అది ఇచ్చే ప్రామాణిక విషయ పదాలు) కూడా వాడండి. ఒత్తిడికీ, రెజిలియెన్స్‌కీ, ఆరోగ్య విద్యకీ వేర్వేరు మెష్ పదాలున్నాయి. మొత్తం వెతుకులాటను ఏ తేదీన, ఏ పదాలతో చేశారో, ఎన్ని వచ్చాయో ఆ రోజే రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత గుర్తు తెచ్చుకోవడం అసాధ్యం.

ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ప్రతి వ్యాసానికి ఒక వరుస ఇవ్వండి: ఎవరిపై, ఎంతమంది, ఏ స్కేలు, ఎన్నిసార్లు కొలిచారు, ఏం తేలింది, ఏం వదిలేశారు. చివరి నిలువు వరుసే మీ థీసిస్‌కు దారి చూపిస్తుంది.

సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి బేరీజు వేయడం) చేయాలనుకుంటే, అలాంటి రివ్యూల రిజిస్టరైన ప్రాస్పెరోలో నమోదు ముందే చేయాలి, డేటా తీయడం మొదలయ్యాక కాదు. రాసేటప్పుడు, రివ్యూలో ఏమేం చెప్పాలో చూపే 27 అంశాల ప్రిస్మా 2020 చెక్‌లిస్టును పక్కన పెట్టుకోండి.

## 4. స్కేలు ఎంచుకోవడం

అందరూ వాడుతున్నారని స్కేలు ఎంచుకోవద్దు. మొదటి అడుగులో రాసిన నిర్వచనం పట్టుకుని వెతకండి. ఎక్కువగా కనిపించేవి ఇవి.

పీఎస్ఎస్-10 (పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్). కోహెన్ బృందం 1983లో 14 ప్రశ్నలతో తెచ్చిన స్కేలుకు పొట్టి రూపం. గత నెలలో జీవితం ఎంత అదుపు తప్పినట్టు అనిపించిందో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 0 నుంచి 40. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. నెట్‌లో తిరిగే "27 దాటితే తీవ్ర ఒత్తిడి" లాంటి గీతలను పట్టుకుని "మా విద్యార్థుల్లో ఇంత శాతం రోగులు" అని రాయకండి. స్కోరును స్కోరుగానే చూపండి.

డాస్-21 (డిప్రెషన్, యాంగ్జైటీ, స్ట్రెస్ స్కేల్స్). ఏడేసి ప్రశ్నలతో దిగులు, ఆందోళన, ఒత్తిడి విడివిడిగా వస్తాయి. గత వారం గురించి అడుగుతుంది. 42 ప్రశ్నల అసలు స్కేలుతో పోల్చాలంటే ప్రతి విభాగం మొత్తాన్ని రెండుతో గుణించాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

బీఆర్ఎస్ (బ్రీఫ్ రెజిలియెన్స్ స్కేల్). స్మిత్ బృందం, 2008. ఆరే ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5, సగటు తీస్తారు. కష్టం తర్వాత తేరుకోవడాన్నే సూటిగా అడుగుతుంది.

కానర్-డేవిడ్‌సన్ స్కేలు. ఇదీ నిబ్బరానిదే. 2003లో 25 ప్రశ్నలతో వచ్చింది, మొత్తం 0 నుంచి 100. పట్టుదల, మార్పుకు సర్దుకోవడం, అండగా నిలిచే మనుషులు లాంటి బలాలను కొలుస్తుంది. దీనికి హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, ఫీజు కూడా ఉంటుంది. నెట్‌లో దొరికిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసి వాడితే తర్వాత జర్నల్ అడిగినప్పుడు ఇరుక్కుంటారు.

రెండు ఉచ్చుల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవి బయటికి కనిపించవు.

మొదటిది కాలం. పీఎస్ఎస్ "గత నెలలో" అని అడుగుతుంది. మీ శిక్షణ రెండు వారాలదే అనుకోండి. చివరి రోజు పీఎస్ఎస్ ఇస్తే, జవాబులో సగం శిక్షణకు ముందున్న రోజులది. ఫలితం రాలేదని బాధపడి లాభం లేదు, కొలిచిందే తప్పు. శిక్షణ అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగండి, లేదా గత వారం గురించే అడిగే స్కేలు తీసుకోండి.

రెండోది కలగాపులగం. పీఎస్ఎస్‌లోని కొన్ని ప్రశ్నలు "నా సమస్యలను నేను చూసుకోగలనన్న నమ్మకం కలిగిందా" అన్న ధోరణిలో ఉంటాయి. నిబ్బరం స్కేళ్ళలోనూ దాదాపు అవే మాటలుంటాయి. ఒకే విషయాన్ని రెండు పేర్లతో అడిగి, రెండూ బాగా కలిశాయని సంబరపడితే అది కనుగొన్నట్టు కాదు. రెండు స్కేళ్ళనూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి, ఒకే అర్థం ఉన్న వాక్యాల కింద గీత గీయండి. గీతలు ఎక్కువైతే ఒక స్కేలు మార్చండి.

## 5. అనువాదం: గూగుల్ పని కాదు

పద్ధతి ఇది. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి అనువదించాలి. ఇద్దరూ కూర్చుని ఒక రూపానికి రావాలి. అసలు స్కేలు చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి. తేడాలు ఎక్కడొచ్చాయో విషయం తెలిసినవాళ్ళతో చర్చించాలి. తర్వాత 30 నుంచి 40 మందితో పరీక్షించాలి. అంతకన్నా ముందు, ఆ స్కేలుకు తెలుగు రూపం ఇప్పటికే ఉందేమో స్కేలు తయారుచేసినవాళ్ళను అడగండి. ఉంటే బోలెడు పని తప్పుతుంది.

ఇందులో ఎవరూ వదిలేయకూడని మెట్టు ఒకటుంది: నలుగురైదుగురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రతి ప్రశ్నకూ "మీకేం అర్థమైంది?" అని అడగడం.

ఒక పైలట్‌లో (అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే చిన్న పరీక్షలో) "కష్టకాలం తర్వాత నేను త్వరగా కోలుకుంటాను" అనే వాక్యం ఉంది. వ్యాకరణం బాగుంది, అర్థం బాగుంది. జవాబు రాస్తున్న అమ్మాయి అక్కడ పెన్ను ఆపేసి, "కోలుకోవడం అంటే జ్వరం నుంచా మేడమ్?" అని అడిగింది. ఆరోగ్యం గురించిన సర్వే అని పైన రాసి ఉంది, తెలుగులో కోలుకునేది ఎక్కువగా జబ్బు నుంచే. ఆమె చదివింది తప్పు కాదు, వాక్యమే తప్పు. "తేరుకుంటాను" అని మార్చాక ఎవరూ ఆగలేదు. ఆ ఒక్కమ్మాయి అడక్కపోతే వందలమంది జ్వరం గురించి జవాబిచ్చేవాళ్ళు, మేము నిబ్బరం అని లెక్కపెట్టేవాళ్ళం.

"ఒత్తిడి" విషయంలోనూ ఇంతే. కొందరికి అది ఆఫీసు పనిభారం. మనసులో కలిగేదాన్ని వాళ్ళు టెన్షన్ అంటారు. స్కేలు తెలుగు రూపంలో టెన్షన్ అని రాయడానికి మొహమాటపడకండి. జవాబిచ్చేవాళ్ళు వాడే మాటే సరైన మాట.

వ్యతిరేక వాక్యాలకు "ఏకీభవించను" జోడిస్తే ముడి మీద ముడి పడుతుంది. "తేరుకోలేను అన్నది నిజం కాదు" అని బుర్రలో తిప్పుకునేలోపే వేలు ఏదో ఒక గడి మీద పడిపోతుంది. అలాంటి వాక్యాలను మీ నాలుగైదు ఇంటర్వ్యూల్లో ప్రత్యేకంగా చూడండి.

## 6. శాంపిల్ ఎంత?

"వంద సరిపోతుందా?" అనే ప్రశ్నకు జవాబు మీరు ఎంత తేడా ఆశిస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. జీ-పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కించవచ్చు. 5 శాతం ప్రమాణంతో, 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) రెండు గ్రూపులను పోల్చేటప్పుడు:

- మధ్యస్థ తేడా, అంటే తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్ డీ 0.5 అయితే గ్రూపుకు 64 మంది
- చిన్న తేడా, డీ 0.2 అయితే గ్రూపుకు దాదాపు 394 మంది

మధ్యలో వదిలేసేవాళ్ళుంటారు. 20 శాతం మంది పోతారనుకుంటే 64ను 0.8తో భాగించండి, 80 వస్తుంది. 64కు 20 శాతం కలిపితే 77 వస్తుంది, అది సరిపోదు.

తరగతులకు తరగతులనే గ్రూపులుగా తీసుకుంటే ఇంకో లెక్క ఉంది. ఒకే తరగతి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు, కాబట్టి నలభై మంది నలభై స్వతంత్ర జవాబులు కారు. తరగతికి 40 మంది, ఒకే తరగతివాళ్ళ జవాబులు ఎంత పోలి ఉంటాయో చెప్పే సంఖ్య (ఐసీసీ) 0.02 అనుకుంటే శాంపిల్‌ను 1.78తో గుణించాలి. మొత్తం 128 అనుకున్నది 228 అవుతుంది. తరగతుల సంఖ్య కూడా ముఖ్యం. ఒక సెక్షన్‌కు శిక్షణ, మరో సెక్షన్ కంట్రోల్ అని పెడితే, వచ్చిన తేడా శిక్షణదో ఆ సెక్షన్ టీచరుదో ఎవరూ చెప్పలేరు.

## 7. ఎథిక్స్: మూడు విషయాలు ముందే తేల్చండి

కమిటీ ఫారాలు ఎలా నింపాలో మీ సంస్థ చెబుతుంది. కానీ ఒత్తిడి పరిశోధనలో ఫారం అడగని ప్రశ్నలు కొన్ని ఉంటాయి.

ఒకటి: కాదనే స్వేచ్ఛ. మీరు పాఠం చెప్పే విద్యార్థులకే ప్రశ్నావళి ఇస్తే వాళ్ళు వద్దనలేరు. మార్కులు మీ చేతిలో ఉన్నాయి. వేరొకరితో ఇప్పించండి, ఎవరు నింపారో మీకు తెలియకుండా ఏర్పాటు చేయండి.

రెండు: ముందూ తర్వాతా జతపరచడం. పేరు అడిగితే నిజం రాయరు. అడగకపోతే రెండోసారి ఎవరిది ఎవరిదో తెలియదు. దారి ఏమిటంటే, ప్రతి ఒక్కరూ తమ కోడ్ తామే తయారు చేసుకోవడం: అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, తమ ఫోన్ నంబరులో చివరి రెండంకెలు. సూచన ప్రతిసారీ అదే మాటల్లో ఉండాలి. కొన్ని కోడ్‌లు ఎలాగూ కలవవు, ఆ నష్టాన్ని శాంపిల్‌లో ముందే కలుపుకోండి.

మూడు, అన్నిటికన్నా బరువైనది. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 స్కేలులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి, తనను తాను గాయపరచుకోవడం గురించి అడుగుతుంది. రాత్రి పన్నెండింటికి ఎవరో ఒకరు "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెట్టి సబ్మిట్ నొక్కుతారు. ఆ ఫామ్‌కు పేరు లేదు. మీరు దాన్ని మూడు వారాల తర్వాత ఎక్సెల్‌లో 3 అనే అంకెగా చూస్తారు.

ఇది ఊహ కాదు, జరిగే పనే. అందుకని ముందే నిర్ణయించుకోండి. ఆ ప్రశ్న మీ పరిశోధనకు నిజంగా అవసరం లేకపోతే అలాంటి స్కేలు జోలికి వెళ్ళకండి. అవసరమైతే పేరు తెలిసే ఏర్పాటుతో, అదే రోజు జవాబులు చూసే మనిషితో, కౌన్సెలర్ ముందే ఒప్పుకున్నాకే అడగండి. ఏ ప్రశ్నావళికైనా చివరి పేజీలో సాయం దొరికే నంబర్లు పెట్టండి, పెట్టే ముందు స్వయంగా ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో చూడండి.

కంట్రోల్ గ్రూపుకు అధ్యయనం ముగిశాక అదే శిక్షణ ఇవ్వడం మర్యాద. ప్రోటోకాల్‌లో తేదీతో సహా రాయండి.

## 8. శిక్షణ ఇచ్చేవాళ్ళకు

"ఒత్తిడి నిర్వహణపై అవగాహన కల్పించాం" అని రాస్తే మరొకరు దాన్ని మళ్ళీ చేయలేరు. ఎన్ని సెషన్లు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు, ఎవరు నడిపారు, వాళ్ళకేం శిక్షణ ఉంది, ఇంటి దగ్గర ఏం చేయమన్నారు, ఎంతమంది చేశారు, అన్నీ రాయాలి. టైడియర్ అనే 12 అంశాల చెక్‌లిస్టు సరిగ్గా ఇందుకోసమే ఉంది.

పెద్ద పొరపాటు తెలిసినదాన్నే కొలిచి ఆగిపోవడం. శ్వాస సాధన ఎలా చేయాలో పరీక్షలో రాసినవాళ్ళందరూ పరీక్షకు ముందు రోజు రాత్రి దాన్ని చేయరు. తెలుసుకోవడం, చేయడం నేర్చుకోవడం, రోజూ చేయడం, ఒత్తిడి తగ్గడం వేర్వేరు మెట్లు. ప్రతి మెట్టుకూ ఒక కొలత పెట్టండి. రోజుకు ఒక్క టిక్ పెట్టే చిన్న డైరీ కార్డు చాలు. చివరికి ఒత్తిడి తగ్గకపోయినా ఎక్కడ ఆగిందో చెప్పగలరు, అది కూడా మంచి ఫలితమే.

## 9. పైలట్, తర్వాత డేటా

పైలట్‌లో ఫలితం కోసం చూడకండి. ఎంత సమయం పట్టింది, ఎక్కడ ఆగారు, ఏ ప్రశ్న ఖాళీగా వదిలారు, ఫోన్ తెరపై గడులు సరిగ్గా కనిపించాయా అన్నవే చూడండి. ప్రశ్నావళి పదిహేను నిమిషాలు దాటితే కుదించండి.

కేలండర్ ముందు పెట్టుకోండి. మొదటి కొలత పరీక్షల వారంలో, రెండోది సెలవుల తర్వాత అయితే ఏ శిక్షణా లేకుండానే ఒత్తిడి తగ్గుతుంది. కంట్రోల్ గ్రూప్ లేని ముందు-తర్వాత అధ్యయనాలు కూలిపోయేది ఇక్కడే. బాగా ఒత్తిడి ఉన్నవాళ్ళనే ఏరి తీసుకున్నా ఇదే జరుగుతుంది: శిఖరం మీద ఉన్నప్పుడు పట్టుకున్న స్కోరు తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది.

## 10. డేటా శుభ్రం చేసి, అప్పుడు విశ్లేషించండి

అసలు ఫైలును తాకకండి. కాపీ తీసి పని చేయండి, చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టండి.

రివర్స్ స్కోరింగ్. పీఎస్ఎస్-10లో 4, 5, 7, 8 ప్రశ్నలు సానుకూలమైనవి కాబట్టి వాటి స్కోరు తిరగేయాలి: 0 అంటే 4, 1 అంటే 3. మరిస్తే ఏమవుతుందో ఇద్దరు మనుషులతో చూడండి.

మొదటి మనిషి చాలా ఒత్తిడిలో ఉన్నాడు. మామూలు ఆరు ప్రశ్నలకు 3 చొప్పున, తిరగేయాల్సిన నాలుగింటికి 1 చొప్పున పెట్టాడు. సరైన మొత్తం 18 + 12, అంటే 30. మరిచిపోతే 18 + 4, అంటే 22.

రెండో మనిషి ప్రశాంతంగా ఉన్నాడు. ఆరింటికి 1 చొప్పున, నాలుగింటికి 3 చొప్పున. సరైన మొత్తం 6 + 4, అంటే 10. మరిచిపోతే 6 + 12, అంటే 18.

ఇద్దరి మధ్య 20 పాయింట్ల తేడా ఉండాల్సింది 4కు పడిపోయింది. "తేడా కనిపించలేదు" అని అధ్యాయమంతా రాసేస్తారు, తప్పు ఒక్క ఫార్ములాలో ఉంటుంది. బీఆర్ఎస్‌లో 2, 4, 6 తిరగేయాలి. పసిగట్టే మార్గం: క్రోన్‌బాక్ ఆల్ఫా (స్కేలులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య) అనుకోనంత తక్కువగా వచ్చినా, కొన్ని ప్రశ్నలు మిగతావాటితో మైనస్ సంబంధం చూపినా ముందు ఇక్కడ వెతకండి.

రెండు గ్రూపుల పోలిక. పీ విలువ అంటే, అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం. "శిక్షణ గ్రూపులో పీ విలువ 0.03, కంట్రోల్‌లో 0.20, కాబట్టి శిక్షణ పనిచేసింది" అన్న వాక్యం తప్పు. రెండు గ్రూపులనూ నేరుగా పోల్చాలి. తర్వాతి స్కోరును ఫలితంగా, ముందటి స్కోరును కోవేరియేట్‌గా పెట్టి ఆంకోవా (ముందున్న తేడాలను లెక్కలోకి తీసుకుని గ్రూపులను పోల్చే పద్ధతి) చేయండి. తేడా ఎంతో, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల పరిధి) ఎంతో చెప్పండి. పీ విలువ ఒక్కటే చాలదు.

మధ్యలో మానేసినవాళ్ళు. తరగతులకు రాక మానేసినవాళ్ళలో ఎక్కువ ఒత్తిడి ఉన్నవాళ్ళే ఉండొచ్చు. వాళ్ళను తీసేసి మిగిలినవాళ్ళతో లెక్కిస్తే శిక్షణ అద్భుతంగా కనిపిస్తుంది. మొదట ఏ గ్రూపులో వేశారో ఆ గ్రూపులోనే అందరినీ ఉంచి విశ్లేషించండి.

ఒకేసారి తీసిన డేటా. ఒక్కరోజు సర్వేతో "నిబ్బరం ఒత్తిడిని తగ్గిస్తుంది" అని రాయలేరు. ఒత్తిడి తక్కువ ఉన్న రోజున మనిషి తనకు నిబ్బరం ఎక్కువని చెప్పుకోవచ్చు కూడా. "సంబంధం ఉంది" వరకే ఆగండి. మీడియేషన్ బొమ్మ (కారణానికీ ఫలితానికీ మధ్యలో ఏముందో చూపేది) గీసినా ఈ హద్దు మారదు.

## 11. ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకు

"మీ రెజిలియెన్స్ గురించి చెప్పండి" అని అడిగితే పుస్తకం మాటలే వస్తాయి. "ఈ ఏడాది బాగా కష్టంగా గడిచిన ఒక రోజు గురించి చెప్పండి. ఆ రాత్రి ఏం చేశారు? ఎవరికి ఫోన్ చేశారు?" అని అడగండి. నిబ్బరం అనే మాట రాకుండానే నిబ్బరం బయటపడుతుంది, లేకపోతే లేకపోవడం కూడా.

విశ్లేషణకు బ్రౌన్, క్లార్క్ 2006లో చెప్పిన ఆరు దశల థీమాటిక్ అనాలిసిస్ (జవాబుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే భావాలను ఏరే పద్ధతి) కొత్తవాళ్ళకు అనువు. "కుటుంబం", "డబ్బు" అనేవి థీమ్‌లు కావు, అవి అంశాల పేర్లు. "ఇంట్లోవాళ్ళకు చెబితే వాళ్ళ బాధ కూడా నేనే మోయాలి" అన్నట్టు ఒక వాక్యంగా చెప్పగలిగితేనే థీమ్.

రోజుకు రెండు ఇంటర్వ్యూలకు మించి పెట్టుకోకండి. మూడోదానికి వచ్చేసరికి ఎదుటి మనిషి ఏడుస్తున్నా మీరు నోట్స్ రాసుకుంటూ కూర్చుంటారు. విన్నవి మనసులో బరువుగా మిగిలితే పేర్లు చెప్పకుండా గైడ్‌తో మాట్లాడండి. ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్ళకు ఒత్తిడి రాదని ఎక్కడా లేదు.

## 12. రాయడం, తిరిగి ఇవ్వడం

ఏమేం రాయాలో చెప్పే చెక్‌లిస్టులున్నాయి: సర్వే అయితే స్ట్రోబ్, ప్రయోగమైతే కన్సార్ట్, ఇంటర్వ్యూలైతే కోరెక్ తీసుకోండి. రాయడం అయ్యాక కాదు, మొదలుపెట్టే ముందే. పద్ధతుల అధ్యాయాన్ని డేటా రాకముందే రాసేయండి, అప్పటికి అన్నీ తాజాగా గుర్తుంటాయి.

సమర్పించే ముందు
- మొదటి అధ్యాయంలోని నిర్వచనం, మూడో అధ్యాయంలోని స్కేలు ఒకే విషయం చెబుతున్నాయా?
- ప్రతి స్కేలుకూ అనుమతి కాగితం ఉందా?
- నా శాంపిల్‌లో వచ్చిన ఆల్ఫా రాశానా, లేక అసలు వ్యాసంలోదే ఎత్తి రాశానా?
- రివర్స్ ప్రశ్నలను ఇంకొకరితో చెక్ చేయించానా?
- ముందు అనుకున్నదానికి మారిన ప్రతి విషయాన్నీ ఒప్పుకుంటూ రాశానా?
- "కారణం", "ప్రభావం" అన్న మాటలు నా డిజైన్ అనుమతించే చోటే ఉన్నాయా?

చివరిగా, జవాబులిచ్చినవాళ్ళకు ఒక పేజీ పంపండి. ఏం అడిగాం, ఏం తెలిసింది, దాంతో ఏం చేయబోతున్నాం అని మామూలు తెలుగులో, స్కోర్లూ పీ విలువలూ లేకుండా. మీ థీసిస్ నాలుగైదుగురే చదవొచ్చు. ఆ ఒక్క పేజీని మాత్రం "మా గురించి ఏం తేలింది" అని మూడు వందల మంది చదువుతారు. అందులోనూ కింద సాయం నంబర్లు మళ్ళీ పెట్టండి.